మార్కెట్ పడినప్పుడు మన సొమ్ము ఎటు పోతోంది?

వడ్డీ వద్దనుకునే కుటుంబానికి పొదుపు దారులు తక్కువ. ఇంటి స్థలం, బంగారం, కాస్త ధైర్యముంటే షేర్లు. మార్కెట్ కుప్పకూలిందన్న వార్త రాగానే ఆ ధైర్యమూ సడలుతుంది. సరిగ్గా అప్పుడే "నెలనెలా ఇంత లాభం, అంతా హలాల్" అంటూ ఎవరో ఒకరు గుమ్మం తొక్కుతారు. మనం భయపడవలసింది మార్కెట్‌కు కాదు, ఈ పెద్దమనుషులకు.

2008 జనవరిలో 20,000 పైన ఉన్న సెన్సెక్స్ 2009 మార్చి నాటికి 8,200 దిగువకు జారింది. అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగితే విదేశీ మదుపరులు ఇక్కడి వాటాలు అమ్ముకుని వెళ్లారు. మన ఫ్యాక్టరీలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటాలు కొనేవారే కరువయ్యారు. 2010 నవంబరులో సూచీ మళ్లీ 21,000 అందుకుంది. 2020 మార్చి 23న కరోనా భయంతో ఒక్కరోజే సుమారు 13 శాతం పడి, అదే నవంబరుకు పాత రికార్డు దాటింది. మధ్యలో బిడ్డ పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అమ్ముకోక తప్పనివారికి మాత్రం ఆ కోలుకోవడం అక్కరకు రాలేదు. రెండు మూడేళ్లలో అవసరపడే డబ్బు షేర్లలో పెట్టరాదనడం ఇందుకే.

సూచీ లేచినంత మాత్రాన ప్రతి కంపెనీ లేవదు. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడగానే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ షేరు ముప్పావు వంతుకు పైగా విలువ పోగొట్టుకుంది. షరియా సూచీలు మద్యాన్ని, వడ్డీ వ్యాపారాన్ని వడపోస్తాయి. దొంగ లెక్కలను వడపోయలేవు.

ఇక బ్యాంకుల సంగతి. రఘురాం రాజన్ కమిటీ 2008లో వడ్డీలేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టింది. ఉన్నంతలో కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, కాని కనీస నిల్వ ఎక్కువ అడుగుతారు. సేవింగ్స్ ఖాతా తెరిచి, వచ్చిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమనే ఉలమా ఉన్నారు. ఏ ఖాతా అయినా, పట్టణ సహకార బ్యాంకులతో సహా, 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. వడ్డీలేని రుణాలిచ్చే సహకార పరపతి సంఘాలకు ఆ బీమా లేదు. ఆపదలో చిన్న అప్పుకు అవి మేలైనవే, జీవితకాలపు పొదుపును దాచుకునే చోటు మాత్రం కాదు.

2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ సంస్థ కూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ముదారబాలో వ్యాపారం నష్టపోతే ఆ సొమ్ము పెట్టుబడి పెట్టినవాడిదే. నష్టం ఊసే ఎత్తకుండా నెలసరి లాభం రాసిచ్చేవాడు ముదారబా పేరు వాడుకుంటున్నాడే తప్ప ఆ వ్యాపారం చేయడం లేదు. అలాంటివారు ఇంటికి వస్తే రిజర్వు బ్యాంకు లేదా సెబీ ఇచ్చిన నమోదు పత్రం అడగండి. ఆ సంఖ్య సరైనదో కాదో రిజర్వు బ్యాంకు వారి 'సచేత్' పోర్టల్‌లోను, సెబీ వెబ్‌సైట్‌లోను ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేతనైనా చూపించుకోవచ్చు.