ఊపిరి వదిలితే బుడగ... బిగబడితే ముప్పు!

శివరాత్రి తర్వాత శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానాలప్పుడు వంశధార గట్టున నిలబడి చూడండి. మునక వేసిన కుర్రాడు ఎక్కడున్నాడో బుడగలే పట్టిస్తాయి. బుడబుడమని గాలి వదిలేసి, నవ్వుతూ పైకి లేస్తాడు. గట్టు మీద వాళ్ళకి అదో సరదా. అదే వంశధార కళింగపట్నం దగ్గర కలిసే సముద్రంలోకి సిలిండరు కట్టుకుని, కెమెరా పట్టుకుని దిగేవాళ్ళకి మాత్రం ఆ బుడగలే పెద్ద తలనొప్పి!

కాస్త లెక్క చూద్దాం. మామూలుగా మనం ఒక్కసారి పీల్చే గాలి అర లీటరు. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ లోతులో డైవర్ వదిలిన అర లీటరు గాలి పైకి వచ్చేసరికి లీటరవుతుంది. ఇరవై మీటర్ల లోతులో వదిలితే లీటరున్నర. అందుకే నోటి దగ్గర గోళీల్లా బయల్దేరిన బుడగలు పైకి వెళ్ళేకొద్దీ పుట్టగొడుగుల్లా విచ్చుకుంటాయి. నిమిషానికి పన్నెండుసార్లు ఊపిరి వదిలితే పన్నెండు గుంపులు. ఒక్కో గుంపూ అద్దం ముక్కల్లా మెరుస్తూ, కెమెరా ఫ్లాష్ వెలుగుని తిప్పికొడుతూ ఫొటోలో తెల్లటి మచ్చలు పెట్టేస్తుంది.

అసలీ బుడగలు ఎక్కడి నుంచి రావాలన్నదే మొదట్లో పెద్ద చిక్కు ప్రశ్న. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ కలిసి స్కూబా రెగ్యులేటర్ తయారుచేశారు. పీల్చినప్పుడే గాలినిచ్చే పరికరమది. మార్న్ నదిలో పరీక్షకు దిగితే, అడ్డంగా ఈదినంతసేపూ బాగానే పనిచేసింది. నిలువుగా నిలబడితే గాలి ఊరికే కారిపోయింది. తలకిందులైతే అందడం మానేసింది! కారణం చిన్నదే. గాలి వచ్చే చోటుకీ, బయటికి పోయే చోటుకీ మధ్య జానెడు తేడా ఉంది. నీటిలో ఆ మాత్రం తేడా చాలు, ఒత్తిడి మారిపోవడానికి. రెండిటినీ పక్కపక్కనే పెట్టేశారు... సమస్య తీరింది. అలా వదిలిన గాలి గొట్టంలోంచి వీపు వైపు వెళ్ళి, మెడ వెనక నుంచి బయటపడేది.

ఫొటోగ్రాఫర్ల దృష్టిలో అదొక వరం. కళ్ళ ముందు ఒక్క బుడగ లేదు. చెవుల పక్కన గోల లేదు. ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్డ్రెడ్ 1952లో అమ్మకానికి తెచ్చిన ఒంటి గొట్టం రెగ్యులేటర్ తర్వాత కథ మారింది. తేలిక, శుభ్రం చేసుకోవడం సులువు, ధరా తక్కువ. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ రకమే. కాకపోతే అందులో గాలి గడ్డం కింద నుంచి పోతుంది. బుడగలు రెండు బుగ్గల మీదుగా, ముఖానికున్న అద్దాన్ని రాసుకుంటూ లేస్తాయి. సౌకర్యం కోసం ఫొటో బలైందన్నమాట.

ఎదురుగా ఉన్న చేపను తీస్తే ఇబ్బంది పెద్దగా లేదు. బుడగలు తల మీదుగా వెళ్ళిపోతాయి. తల పైకెత్తి, సూర్యకాంతిలో ఈదే తాబేలును కింద నుంచి తీయాలంటేనే కష్టం. వదిలిన ఊపిరంతా సరిగ్గా లెన్స్ ముందు నుంచే వెళ్తుంది. అలవాటైనవాళ్ళు ముందే గాలి వదిలేస్తారు. ఆ గుంపు దాటిపోయాక, మెల్లగా పీల్చుకుంటూ క్లిక్‌మనిపిస్తారు. కొందరు తల ఓ పక్కకి వాల్చి వదులుతారు. ఒక పక్క నుంచే గాలి పోయే రెగ్యులేటర్లూ ఉన్నాయి. కరెంటు ఉన్నచోట దాని దిక్కు చూసుకుని నిలబడితే బుడగల్ని నీరే వెనక్కి లాక్కుపోతుంది.

మరి ఆ రెండు క్షణాలూ ఊపిరి బిగబడితే పోలేదా? కొత్తగా నేర్చుకునేవారిలో చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. ప్రాణాలు తీసేదీ ఇదే!

వంశధారలో మునిగే కుర్రాడు ఊపిరి బిగబట్టాడంటే అది గట్టు మీద పీల్చిన గాలి. లోపల కాస్త కుంచించుకుని, పైకొచ్చేసరికి మళ్ళీ మామూలవుతుంది. ఊపిరితిత్తులకు హాని లేదు. సిలిండరు గాలి అలాకాదు. పది మీటర్ల లోతులో గుండెల నిండా పీల్చి బిగబట్టి, ఫొటో ధ్యాసలో పైకి తేలితే ఆ గాలి వ్యాకోచిస్తుంది. పోయే దారి లేక ఊపిరితిత్తుల పొరల్ని చీల్చేస్తుంది. అక్కడి నుంచి రక్తంలోకి దూరి మెదడుకి చేరిందా, మనిషి పక్షవాతం వచ్చినట్లు పడిపోతాడు. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, ఒకటిన్నర మీటర్లు చాలు. పైగా నిండుగా పీల్చిన మనిషి సహజంగానే పైకి తేలతాడు. కళ్ళు కెమెరా మీద ఉంటే ఆ సంగతి తెలియదు కూడా. అందుకే స్కూబా పాఠాల్లో మొట్టమొదటి సూత్రం 'ఊపిరి ఆపొద్దు' అన్నదే. ఊపిరికీ ఊపిరికీ మధ్య సహజంగా వచ్చే చిన్న విరామం వేరు, గొంతు బిగించి ఆపడం వేరు. లోతు మారకుండా, గొంతు తెరిచే ఉంచి, ఆ విరామంలోనే క్లిక్ చేయాలి. అది అందకపోతే ఫొటో వదులుకోవాల్సిందే!

బుడగలంటే చేపలకీ పడదు. నీటిలో ఆ శబ్దం చాలా దూరం పోతుంది. సుత్తి తల సొరచేపలైతే బుడగల మోత వినగానే దూరం జరుగుతాయంటారు, వాటి కోసం కాచుక్కూర్చునే ఫొటోగ్రాఫర్లు. వాళ్ళలో కొందరు రీబ్రీదర్ వాడతారు. వదిలిన గాలిని బయటికి పోనీయకుండా, అందులోని బొగ్గుపులుసు వాయువుని సున్నపు రసాయనంతో పీల్చేసి, తగ్గిన ఆక్సిజన్ కలిపి మళ్ళీ అందిస్తుందది. బుడగలు దాదాపు ఉండవు. అయితే ఖరీదెక్కువ. పైగా ఆక్సిజన్ తగ్గిపోతే ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. ఫొటో సరదా కోసం కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

సిక్కోలు తీరంలో ఇంకో సంగతుంది. 1917లో నిప్పంటుకుని బారువ దగ్గర మునిగిపోయిన 'చిల్కా' ఓడ శిథిలాలు డైవర్లను ఆకర్షిస్తున్నాయి. మహేంద్రతనయ సముద్రంలో కలిసేదీ అక్కడే. వానాకాలంలో నదులు తెచ్చే బురదకి నీళ్ళు ఎర్రబారతాయి. ఆ బురద రేణువులకి బుడగలు తోడైతే ఫొటో మొత్తం మంచు కురిసినట్లే! అందుకే ఫ్లాష్ దీపాల్ని కెమెరాకి ఆనించకుండా, చేతుల్లాంటి కడ్డీలకి తగిలించి రెండు పక్కలా దూరంగా పెడతారు. పాత ఓడల కింద దూరేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బుడగలు పైకప్పుకి తగిలితే ఏళ్ళ తరబడి పేరుకున్న తుప్పు పొడి రాలుతుంది, ఏమీ కనిపించదు. ఇనుప చట్రం కింద చిక్కుకున్న గాలి తుప్పునీ పెంచుతుంది.

అన్ని బుడగలూ చెడ్డవని కాదు. ఎదుటి డైవర్‌ని తీసేటప్పుడు బుడగలు అస్సలు లేకపోతే బొమ్మని నీళ్ళలో పెట్టినట్లుంటుంది. అప్పుడు ఫొటోగ్రాఫరే సైగ చేసి మెల్లగా వదలమంటాడు. వెండి పూసల్లా ముఖం పక్క నుంచి లేస్తుంటే, అప్పుడు తీస్తాడు. నీళ్ళలో దిగగానే లెన్స్ అద్దానికి అంటుకునే చిన్న బుడగల్ని చేత్తో తుడిచేస్తే సరి. కెమెరా పెట్టె అంచు నుంచి సన్నటి బుడగల తీగ వస్తోందా... అది నోటి నుంచి వచ్చింది కాదు. పెట్టె రబ్బరు రింగులో వెంట్రుకో, ఇసుక రేణువో ఇరుక్కుని నీళ్ళు లోపలికి పోతున్నాయన్నమాట. అప్పుడిక ఫొటోల సంగతి పక్కన పెట్టి, ఊపిరి వదులుతూ, నెమ్మదిగా పైకి రావడమే!