ఇరవై ప్రశ్నలు ఏజెంటుకు అప్పగించే పని కాదు

మిరప కోతలు, పత్తి తీతలు మొదలయ్యాయంటే మన జిల్లాలో రోడ్లకు తెరిపి ఉండదు. తెల్లవారక ముందే కూలీల ఆటోలు బయలుదేరతాయి. పగలంతా ట్రాక్టర్లు తిరుగుతాయి. పొద్దుగూకేసరికి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు మోసే బండ్లు బారులు తీరతాయి. వీటికి తోడు ఇప్పుడు ఊరూరా కార్లు. ఇన్ని బండ్ల స్టీరింగు పట్టుకున్నవారిలో లైసెన్సు ఉన్నవారు ఎందరు? ఉన్నవారిలో, ఆ లైసెన్సుకు ముందు పెట్టే పరీక్షకు నాలుగు రోజులు కూర్చుని చదివినవారు ఎందరు?

డ్రైవింగ్ లైసెన్సు అనగానే మనవాళ్ళకు గుర్తుకు వచ్చేది బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట బండి నడిపి చూపించడం. అంతకు ముందు మరో పరీక్ష ఉంది. ఎల్.ఎల్.ఆర్. అని అందరూ పిలిచే లెర్నర్ లైసెన్సు ఇచ్చేముందు కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టి 20 ప్రశ్నలు అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తించాలి. 12 సరిపోతే ప్యాసయినట్లే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం నూటికి 60 వంతులు వస్తే చాలు. ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి. కారు లైసెన్సుకు ఫలానా తరగతి వరకు చదివి ఉండాలన్న నిబంధన కూడా లేదు. సరుకు బండ్లు, అద్దె బండ్లు నడిపేవారు 8వ తరగతి ప్యాసై ఉండాలన్న షరతు ఒకప్పుడు ఉండేది. దానిని కూడా 2019లో కేంద్రం తీసివేసింది.

ఇంత తేలికైన పరీక్షను మనం ఎలా చూస్తున్నాం? "ఏముందండీ, ఏజెంటుకు చెబితే ఆయనే చూసుకుంటాడు" అంటున్నాం. లేదంటే పరీక్షకు ముందు నిమిషంలో పక్కవాడి సెల్‌ఫోనులో నాలుగు బొమ్మలు చూసి లోపలికి వెళుతున్నాం. దరఖాస్తు నింపడానికి, స్లాటు తీసుకోవడానికి ఎవరి సాయమైనా తీసుకోవచ్చు. అందులో తప్పు లేదు. జవాబులు మాత్రం స్టీరింగు పట్టుకునే మనిషి బుర్రలో ఉండాలి. రాత్రివేళ ఎదుటి నుంచి టిప్పరు వచ్చినప్పుడు ఏజెంటు మన పక్కన కూర్చుని ఉండడు.

తుళ్లూరు ప్రాంతానికి ఈ మాట మరీ ముఖ్యం. 2015కు ముందు మనకు తెలిసిన దారులు పొలాలకు పోయే డొంకలు, పెదపరిమి, తాడికొండల మీదుగా గుంటూరు వెళ్ళే రోడ్డు, అటు కృష్ణ కరకట్ట. ఎదురుగా వచ్చేవాడు తెలిసినవాడే. చెయ్యి ఊపితే ఆగేవాడు. రాజధాని కోసం 29 గ్రామాల రైతులు భూ సమీకరణలో 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. పొలాల మీదుగా సీడ్ యాక్సెస్ రోడ్డు వచ్చింది. వెలగపూడికి సచివాలయం, నేలపాడుకు హైకోర్టు వచ్చాయి. నడుమ కొన్నేళ్ళు ఆగిన పనులు 2025 మే 2న మళ్ళీ ప్రారంభమయ్యాయి. టిప్పర్లు, కాంక్రీటు బండ్లు, బయటి జిల్లాల కార్లు మన ఊళ్ళ మీదుగా తిరగడం మొదలుపెట్టాయి. రోడ్డు పదింతలు మారింది. దాని మీద నడిచే మన అలవాట్లు మాత్రం డొంక దారి నాటివే. డొంకలో నుంచి ట్రాక్టరును తిన్నగా పెద్ద రోడ్డు మీదికి తోలేస్తున్నాం. దగ్గరి దారి అని నాలుగు వరుసల రోడ్డులో ఎదురు వెళుతున్నాం.

ఆ ఇరవై ప్రశ్నల్లో అడిగేవి ఇలాంటి సంగతులే. చిన్న దారి నుంచి పెద్ద రోడ్డు ఎక్కేటప్పుడు ఎవరు ఆగాలి? పెద్ద రోడ్డు మీద వచ్చేవాడికి దారి ఇవ్వాలి. సిగ్నలు లేని కూడలిలో ముందు ఎవరిని పోనివ్వాలి? కుడి చేతివైపు నుంచి వచ్చేవారిని. గుండ్రటి కూడలిలో? అప్పటికే లోపల తిరుగుతున్న బండిని. రోడ్డు మధ్య గీత తెగకుండా సాగితే దానిని దాటకూడదు. తెగి తెగి ఉంటే ఎదుట ఎవరూ లేనప్పుడు దాటవచ్చు. ప్రమాదం జరిగితే డ్రైవరు ఏం చేయాలి? గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చాలి, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయాలి. పారిపోవడం నేరం.

గుర్తులు నేర్చుకోవడం ఇంకా తేలిక. ఆకారం, రంగు చూసి సగం అర్థం చెప్పవచ్చు. ఎర్ర అంచు ఉన్న త్రిభుజం జాగ్రత్త చెబుతుంది. ముందు మలుపు ఉందనో, ఇరుకు వంతెన ఉందనో, బడి ఉందనో దాని భావం. ఎర్ర అంచు ఉన్న వలయం వద్దని చెబుతుంది. లోపలికి రావద్దు, ముందు బండిని దాటవద్దు, ఇంతకు మించి వేగం వద్దు అని అర్థం. నీలి వలయం ఇలాగే వెళ్ళాలని ఆజ్ఞ. నీలి పలక ఆస్పత్రి, పెట్రోలు బంకు వంటివి ఎక్కడున్నాయో చెబుతుంది. ఎనిమిది మూలల ఎర్ర పలక కనిపిస్తే పూర్తిగా ఆగాలి. తలకిందులైన త్రిభుజం కనిపిస్తే అవతలివారికి దారి ఇవ్వాలి. అక్షరం రానివారికి కూడా అర్థం కావాలనే ఈ గుర్తులను బొమ్మలుగా పెట్టారు. విత్తనాల సంచి మీద బొమ్మ చూసి రకం పోల్చుకునే రైతుకు ఇవి నేర్చుకోవడం ఎంత పని?

"ముప్పై ఏళ్ళ నుంచి ట్రాక్టరు తోలుతున్నాను, నాకు పరీక్ష ఏమిటి?" అనే పెద్దలున్నారు. వారి చేతిపనికి వంక పెట్టేవారు లేరు. చాలు తప్పకుండా దున్నడం, తొట్టిని వెనక్కి నడిపి కల్లంలో సూటిగా పెట్టడం అందరికీ చేతకాదు. అయితే పొలంలో ఎదురు వచ్చేవాడు ఉండడు. రోడ్డు మీద ఉంటాడు. అతను ఏం చేస్తాడో మనకు, మనం ఏం చేస్తామో అతనికి ముందే తెలియాలంటే ఇద్దరూ ఒకే పాఠం చదివి ఉండాలి. అందుకే ఈ పరీక్ష. బ్రిటన్‌లో 1935లో డ్రైవింగ్ పరీక్షను తప్పనిసరి చేశారు. 1996 నుంచి నిబంధనల పరీక్షను విడిగా పెట్టారు. అక్కడ ఇప్పుడు 50 ప్రశ్నలకు 43 సరిగా చెప్పాలి. మన దగ్గర 20కి 12 చాలు. అంత తక్కువ అడిగినప్పుడు దానిని కూడా దొడ్డిదారిన దాటడం మనకు గౌరవం కాదు.

ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోతలకు వెళ్ళి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. తీగలు తగిలి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ కబురు విని మన ఊళ్ళలో కూడా అన్నం సహించని ఇళ్ళు ఉన్నాయి. ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప మరొకరు కూర్చోరాదని రోడ్డు నిబంధనలు చెబుతున్నాయి. తొట్టి సరుకుకే గాని మనుషులకు కాదు. ఇది కూడా పాఠంలో ఉన్నదే. కూలీలను తీసుకు రావడానికి వేరే ఏర్పాటు ఖర్చుతో కూడిన పనే. ఆ ఖర్చును రైతు, ముఠా మేస్త్రి కలిసి ముందుగానే మాట్లాడుకోవాలి.

డబ్బు సంగతి కూడా చూద్దాం. మోటారు సైకిలు లైసెన్సు జేబులో పెట్టుకుని ట్రాక్టరు, కారు నడిపే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ లైసెన్సు ఈ బండ్లకు చెల్లదు. వీటికి లైట్ మోటారు వెహికిల్ లైసెన్సు కావాలి. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరు చట్టం ప్రకారం ఈ తరగతిలోకే వస్తుంది. ఇదే లైసెన్సు మీద సరుకుతో సహా 7,500 కిలోల లోపు ఉండే చిన్న సరుకు బండ్లు కూడా నడపవచ్చని, విడిగా మరో అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. అంటే ఒక్కసారి చదివి తెచ్చుకున్న కారు లైసెన్సు రైతు ఇంట్లో మూడు బండ్లకు పనికొస్తుంది. అది లేకుండా ప్రమాదం జరిగితే, బాధితులకు ఇచ్చిన పరిహారాన్ని బీమా కంపెనీ బండి యజమాని దగ్గర రాబట్టుకునేందుకు కోర్టులు అనుమతిస్తున్నాయి. ఒక్క తప్పుకు ఎకరాలు అమ్ముకోవలసి రావచ్చు.

పిల్లల చేతికి తాళాలు ఇచ్చే తండ్రులు మరో సంగతి తెలుసుకోవాలి. కారుకు గాని, ట్రాక్టరుకు గాని 18 ఏళ్ళు నిండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా యజమాని బాధ్యుడు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేవరకు ఎల్.ఎల్.ఆర్. ఇవ్వరు. పదో తరగతి పిల్లవాడు కారు తోలుతుంటే మురిసిపోయేవారు ఈ నాలుగు ముక్కలు గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఇక పద్ధతి చెప్పుకుందాం. వయసుకు, చిరునామాకు రుజువులతో ఆన్‌లైనులో దరఖాస్తు చేసి స్లాటు తీసుకోవాలి. 40 ఏళ్ళు దాటినవారు డాక్టరు సర్టిఫికెట్టు జతచేయాలి. కేంద్ర నియమాల్లో లెర్నర్ లైసెన్సు రుసుము ఒక్కో తరగతి బండికి 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200. రాష్ట్రం వసూలు చేసే సేవా రుసుములు దీనికి అదనం. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తరువాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళాలి. ఈలోగా నేర్చుకునేటప్పుడు బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. పరీక్ష రోజున ట్రాకు మీద ముందుకు, వెనక్కు నడిపి చూపాలి. హెచ్ ఆకారంలో వెనక్కి తిప్పడం దగ్గరే చాలామంది తడబడతారు. తప్పితే ఏడు రోజుల తరువాత మళ్ళీ వెళ్ళవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. తప్పి నేర్చుకున్నవాడు తప్పకుండా జాగ్రత్తగా నడుపుతాడు.

అంతా ప్రజల మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. రోజు కూలి పోగొట్టుకుని పట్నం వెళ్ళి, ఆన్‌లైను తెలియక ఎవరి కాళ్ళో పట్టుకునే పరిస్థితి ఉన్నంత కాలం ఏజెంటు మాటే చెల్లుతుంది. అందుకే రవాణా శాఖ అధికారులకు ఒక విజ్ఞప్తి. మిరప కోతలు మొదలయ్యే ముందు ఏటా తుళ్లూరు మండల కేంద్రంలో కొన్ని రోజులు ఎల్.ఎల్.ఆర్. శిబిరం పెట్టాలి. దానికి వారం ముందు ప్రతి పంచాయతీలో రాత్రిపూట, పనుల నుంచి వచ్చాక, గుర్తుల పాఠం చెప్పించాలి. గ్రామ సచివాలయం గోడ మీద గుర్తుల పటం, తెలుగులో ప్రశ్నలు జవాబులు అంటించాలి. దరఖాస్తులు అక్కడే ఉచితంగా నింపిపెట్టాలి. హైస్కూలు ఉపాధ్యాయులు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వారానికి ఒక పీరియడు ఈ పాఠం చెబితే, ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పేది ఆ పిల్లలే. ఆడపిల్లలను కూడా ఈ పాఠానికి పిలవాలి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కారు తీయగలిగిన మనిషి ఇంకొకరు ఉండడం ఎంత ధైర్యం!

మన ఊరివాళ్ళు చేయగలిగింది కూడా ఒకటుంది. ట్రాక్టరు ఉన్న ప్రతి రైతూ డ్రైవరును పెట్టుకునే ముందు లైసెన్సు చూడాలి. లేకపోతే ఆ కుర్రాడిని తిట్టి పంపకుండా, రుసుము తాను కట్టి చదివించి పరీక్షకు పంపాలి. పురుగు మందు డబ్బా ఒకటి కొన్నంత ఖర్చు కూడా కాదు. తొట్టి వెనక ఎర్ర దీపం, మెరిసే స్టిక్కరు ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోవాలి. ఈ కోతలకు ముందు ఊరికి పదిమంది చొప్పున నిజంగా చదివి లైసెన్సు తెచ్చుకున్నా, తెల్లవారుజామున కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు పొద్దుగూకేసరికి క్షేమంగా ఇల్లు చేరతారన్న నమ్మకం కొంతైనా పెరుగుతుంది.