యాబేష్గిలాదు వారు రాత్రంతా నడిచారు



ఆత్మహత్య జరిగిన ఇంటి ముందు మనవాళ్ళు కొందరు ఒక మాట అంటారు. "శవాన్ని మందిరంలోకి తేకూడదు, మన సమాధుల తోటలో చోటు ఇవ్వకూడదు." ఇది వాక్యానుసారమని వారి వాదన. కాదని మేము చెప్తున్నాము.

వాక్యం తెరచి చూడండి. సౌలు గిల్బోవ పర్వతం మీద తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ సంగతి విన్న యాబేష్గిలాదు వారు రాత్రంతా నడిచి వెళ్ళి, బేత్షాను గోడ మీద నుండి అతని శవాన్ని తెచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు దినాలు ఉపవాసమున్నారు. దావీదు వారిని గద్దించలేదు, దీవించాడు. అహీతోపెలు కూడా అలాగే చనిపోయాడు. అతణ్ణి తన తండ్రి సమాధిలోనే పాతిపెట్టారు. మరి ఊరవతల పాతిపెట్టమని లేఖనంలో ఎక్కడుంది?

"గౌరవిస్తే ఇంకొకరికి అలుసవుతుంది కదా అయ్యగారూ" అంటారు పెద్దలు. ఆ చావును పొగడమని మేము చెప్పడం లేదు. ప్రాణం దేవునిది. కానీ మనం వేసే శిక్ష చనిపోయినవాడికి తగలదు. అతని తల్లికి, భార్యకు, బడికి వెళ్ళే పిల్లలకు తగులుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచమని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పింది. చట్టానికున్న కనికరం సంఘానికి లేదా?

మేమూ ఈ తప్పు చేశాము. కొన్నేళ్ళ క్రితం అప్పులపాలై చనిపోయిన ఒక పత్తి రైతు ఇంటికి వెళ్ళి, పెద్దల మాట విని వాకిట్లోనే నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసి వచ్చేశాము. అతని తల్లి ఏడాదిపాటు మందిరానికి రాలేదు. చూడబోతే ఒక్కటే అడిగింది. "అయ్యగారూ, ఆ రోజు లోపలికి వస్తే మీకేమైనా అంటుకునేదా?" మా దగ్గర జవాబు లేదు.

ఇకమీదట ఇలా చేద్దాం. పోస్టుమార్టం దగ్గర ఆ కుటుంబానికి ఇద్దరు పెద్దలు తోడుండాలి. స్త్రీల సమాజం వారు వంతులవారీగా భోజనం తీసుకెళ్ళాలి. ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అని అడగవద్దు. "నువ్వు గమనించలేదా" అని అసలే అనవద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వారు ఆదరించింది అంతవరకే, నోరు తెరిచాక గాయపరిచారు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం తీసుకుని భద్రపరచడంలో సాయపడాలి. రైతు కుటుంబమైతే పరిహారానికి ఇవి కావాలి. అప్పులవాళ్ళు వచ్చే రోజు మనలో ఒకరు ఆ ఇంట్లో ఉండాలి. ఆదరణ కూడికతో పని అయిపోయిందనుకోవద్దు. మొదటి క్రిస్మస్‌కు ఆ ఇంటి తలుపు తట్టండి.

ఆ ఇంట్లో ఎవరైనా "నాకూ బ్రతకాలని లేదు" అంటే, అవిశ్వాసమని గద్దించవద్దు. ఒంటరిగా వదలవద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడించండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి. డాక్టరు దగ్గరకు వెళ్ళడం విశ్వాసం లేకపోవడం కాదు.

రాత్రంతా నడవమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. ఆ గడప దాటి లోపలికి వెళ్ళమని అడుగుతున్నాము.

ప్రభువు మీకు తోడై యుండును గాక. ఆమేన్.