పెడదారి ఎవరిది?

శివారు కాలనీల పోరగాళ్లు చెడిపోయిన్రని సిద్దిపేట పెద్దమనుషుల తీర్పు. పదహారేళ్లకే బండెక్కి రోడ్డు మీద ప్రాణాలతో ఆడుతున్నారట. నేనీ తీర్పును ఒప్పుకోను.

50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమైంది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు మునిగాయి. జనాన్ని గజ్వేలు పక్క కాలనీకి తరలించారు. ఊళ్లో కుర్రవాడికి బర్రెలుండేవి, బావి ఉండేది, నాట్లవేళ పిలిచే పొలముండేది. కాలనీలో ఇల్లుంది, పని లేదు.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు కుటుంబానికొక ఉద్యోగమో, లేక 5 లక్షల రూపాయలో, లేక నెలనెలా భృతో అంటుంది. పనికి బదులు సొమ్ము చాలునని చట్టమే సందు వదిలింది. సొమ్ముతో బండి వస్తుంది, బతుకుదెరువు రాదు.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం మైనరు నేరానికి సంరక్షకుడికి మూడేళ్లదాకా జైలు, 25,000 జరిమానా. ప్రాణాలు కాపాడే చట్టం ఉండవలసిందే. కాని ఆ తండ్రి చేతిలోని నాగలిని లాగేసినవారికి ఏ సెక్షను?

మనలో కొందరు ఈ దూకుడునే తిరుగుబాటంటున్నారు. అదీ తప్పే. తిరుగుబాటుకు తన శత్రువెవరో తెలుసు. ఈ బండి గుద్దేది మరో పేదవాడి సైకిలునే. 2016లో వేములఘాట్ రైతులు జీవో 123 వద్దు, 2013 చట్టమే కావాలని రిలే దీక్షలకు కూర్చున్నారు. అశాంతికి డిమాండు దొరికితే అది ఉద్యమమవుతుంది.

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! కాలనీలకు నీతిబోధలు మోసుకుపోవద్దు. ఆ పిల్లల వెంట నడిచి, చదువు, పని అడిగే అర్జీతో కలెక్టరేటుకు పోదాం.