కోడికి రాని జబ్బు, సింహమునకు వచ్చిన జబ్బు

హైదరాబాదున చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి బార్కాస్ వైపు పోవు దారిలో ఒక కోళ్ల దుకాణమున్నది. 2020 ఫిబ్రవరి నెలాఖరున అక్కడ నేను చూచినది నేటికిని కన్నులయెదుటనే యున్నది: ఇనుపజాలీలో తెల్లకోళ్లు ఒకదానిపై నొకటి యొరిగి కునుకుచుండెను, మొద్దుమీది కత్తి తెల్లవారి కడిగినది కడిగినట్లే యారియుండెను, దుకాణదారు తుడిచిన తక్కెడనే మరల తుడుచుచుండెను. కోడిమాంసము తిన్నచో కరోనా వచ్చునని ఊరంతయు చెప్పుకొనుచున్న దినములవి. 28వ తేదీన రాష్ట్రమంత్రులు వేదికనెక్కి, జనులు చూచుచుండగా కోడిమాంసము భుజించిరి. తెలంగాణలో తొలి రోగి బయటపడినది మార్చి 2న. వ్యాధి కానరాకమునుపే భయము వచ్చి కూర్చున్నదన్నమాట.

దీనిని అజ్ఞానమని కొట్టివేయుట చదువుకొన్నవారికి అలవాటు. కాని 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపము పిమ్మట పుట్టిన పుకార్లను పోగుచేసి, జమునా ప్రసాద్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1935లో ప్రకటించిన వ్యాసము వేరొక దారి చూపినది. కాళ్లక్రింద నేల కదలుట యెరిగియు, కూలిన గోడనొక్కదానినైనను చూడని జనులు, రానున్నది ఇంతకన్న ఘోరమని చెప్పుకొనిరి. కొంతకాలమునకు దుర్గానంద్ సిన్హా డార్జిలింగున కొండచరియలు విరిగిపడినచోట విచారింపగా, వినాశమును కన్నులార చూచినవారి నోట అట్టి అతిశయోక్తులు పలుకలేదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, పుకారు భయమును పుట్టించుటకన్న, ముందే పుట్టిన భయమునకు కారణము సమకూర్చునని 1957 నాటి గ్రంథమున వాదించినవాడు అమెరికా పండితుడు లియాన్ ఫెస్టింగర్.

మన నగరమునకు వణుకు వచ్చినది, శిథిలము కానరాలేదు. చేతికందిన కారణము కోడి. ఉడికిన మాంసమున వైరసు నిలువదు గనుక మంత్రులు చూపినది సత్యమే. అయినను వారు బదులిచ్చినది పుకారునకు, భయమునకు గాదు.

మరుసటి యేట, రెండవ విజృంభణలో, బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కున సింహములకు ఊపిరి కష్టమైనది. సింహమును నోరు తెరువుమనలేము గదా! మత్తిచ్చి పడుకోబెట్టి, ముక్కునుండి, గొంతునుండి నమూనాలు తీసి, ఏప్రిల్ 24న సీసీఎంబీ అను పరిశోధనసంస్థవారి లాకోన్స్ ప్రయోగశాలకు పంపిరి. 8 ఆసియా సింహములకు కరోనా సోకినదని మే 4న కేంద్రప్రభుత్వము ప్రకటించినది. మలమును పరీక్షించియు ఈ రోగమును పట్టవచ్చునని ఆ ప్రయోగశాలవారే నిరూపించుట, అడవిమృగముల వైద్యులకు చిన్న మేలు గాదు. వైరసు తగులుకొను ఏస్2 అను గ్రాహకము పిల్లిజాతియందు మనదానిని పోలియుండును, కోడియందు పోలదు. పిల్లికి అంటించగలిగిన రోగమును కోడికి అంటించలేకపోయితిమని చైనా శాస్త్రజ్ఞులు 2020లోనే ప్రయోగపూర్వకముగా తేల్చిరి.

విచిత్రమేమనగా, కోడి నిర్దోషియైనను దానిపై పుకారు లేచినది. సింహములకు నిజముగానే సోకినను అట్టిదేదియు నా చెవిని పడలేదు. ఆక్సిజన్ సిలిండరు కొరకు ప్రతి గల్లీలో పరుగులెత్తుచున్న ఆ వేసవిలో భయమునకు వేరు కారణమెవరికి కావలెను? మనము డార్జిలింగు స్థితిలో నుంటిమి. ఒక నగరము, రెండు ఘటనలు, ఒక వ్యాసకర్త చెవులు: ఇంతమాత్రమున సిద్ధాంతము నిలువదని నేనెరుగుదును. అందుకే, వన్ హెల్త్ పేరిట వైద్యుని, పశువైద్యుని ఒక బల్లవద్దకు చేర్చుచున్నవారు మనస్తత్వ శాస్త్రజ్ఞునకును ఒక కుర్చీ వేయవలెనందును. పరీక్షకై కోడినుండి రక్తము తీయు దినముననే, ఆ దుకాణమువద్ద ఎవరేమనుకొనుచున్నారో వ్రాసికొనువాడొకడు నిలువవలెను.

2020 మార్చిలో మరల ఆ కోళ్ల దుకాణపు దారిని పోవుచు, బేరము ఎన్నడు పడిపోయినదని దుకాణదారు నడిగితిని. అతడు తేదీతో సహా చెప్పెను. నేను వ్రాసికొనలేదు.