రాజశేఖరం పోయి సీఈఓ వచ్చె

ప్రేమ నవలల గురించి మాట్లాడితే మన సాహిత్య సభల్లో ఇప్పటికీ ఒక నవ్వు పుడుతుంది. నా పరిశోధనకు యద్దనపూడి సులోచనారాణి నవలల్ని తీసుకుంటానన్నప్పుడు 'వంటింట్లో చదివే పుస్తకాల మీద డాక్టరేటా?' అని ఒక పెద్దాయన అడిగాడు. వంటింట్లో చదివింది సాహిత్యం కాదని ఎవరు తీర్మానించారు? వరండాలో పడక్కుర్చీలో చదివిన డిటెక్టివ్ నవలలకు ఈ నవ్వు ఎందుకు లేదు?

నవ్వేవాళ్లలో మగవాళ్లే కాదు, మనమూ ఉన్నాం. ఆరడుగుల ఎత్తు, కారు, మేడ ఉన్న నవలా నాయకుడి కోసం కలలు కనమని ఆడపిల్లలకు నేర్పారని మన అభ్యుదయ విమర్శ ఒక్క ముక్కలో తేల్చేసింది. అబద్ధమేం కాదు, కానీ సగమే నిజం. 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన 'సెక్రటరీ'ని మళ్లీ తెరవండి. రాజశేఖరాన్ని కాసేపు పక్కన పెట్టి జయంతిని చూడండి. బామ్మతో బతుకుతున్న లేనింటి పిల్ల. జీతం కావాలి కాబట్టి గడప దాటింది. తన మర్యాదకు లోటు వచ్చిందనుకుంటే ఎదుటివాడు ఎంతటి గొప్పవాడైనా సరే, ఊరుకోదు. 1971లో సినిమాగా వచ్చిన కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్'లోనూ నాయిక జీతానికి పనిచేసే మనిషే. పెళ్లి చివర్లో వస్తుంది, నిజమే. అప్పటిదాకా నవల నిండా ఉన్నది ఉద్యోగం చేసే ఆడదాని బెంగ, పట్టుదల. ఆ రోజుల్లో కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారంటే ఊరికే రాశారా? చదివేది ఎవరో, కొనేది ఎవరి కోసమో పత్రికలవాళ్లకు బాగా తెలుసు.

మాది కాగజ్‌నగర్. నిజాం ఏలుబడిలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లే ఊరు. అడవిలోని వెదురు గుజ్జయి, కాగితమయి బయటికి పోయేది. ఆ కాగితంలో ఎంత నవలలయి తిరిగి మా క్వార్టర్లకు వచ్చిందో లెక్క కట్టినవాళ్లు లేరు. ఒకరు అద్దెకు తెచ్చిన పుస్తకం ఒక్క రోజులో నాలుగిళ్లు తిరిగేదట. అట్ట ఉండేది కాదు, చివరి పేజీలు కూడా కొన్నిసార్లు ఉండేవి కావు. 'మరి ముగింపెట్లా?' అని మా అమ్మనడిగితే నవ్వింది. 'ముగింపు ఎవలకు దెల్వది బిడ్డా? అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి. మీ నాయిన డ్యూటీల, మీరు బడిల. గా గంట నాది.' అమెరికాలో జానిస్ రాడ్‌వే ఒక చిన్న పట్నంలోని ప్రేమ నవలల పాఠకురాళ్లతో మాట్లాడి 1984లో పుస్తకం వేసింది. కథకన్నా ముందు ఆ చదువుకునే సమయం తమదని వాళ్లూ చెప్పారు. ఆ పుస్తకాన్ని మన విశ్వవిద్యాలయాల్లో గౌరవంగా ఉటంకిస్తారు. మా అమ్మ మాటకు మాత్రం ఫుట్‌నోట్‌లో కూడా చోటు దొరకదు.

అయితే ఆ నవలలతో నాకూ ఒక తగాదా ఉంది. మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడే నాయిక వాటిలో నాకు కనపడలేదు. ప్రేమించడానికి ఒక యాస, అంట్లు తోమడానికి ఇంకో యాస! మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన పోల్కంపల్లి శాంతాదేవి కూడా ఎక్కువగా పత్రికల భాషలోనే రాశారు. తెలంగాణ ఆడది చదవడానికి పనికొచ్చింది గానీ ప్రేమించబడడానికి పనికిరాలేదు.

1980లలో ఆ పేజీలు మగ రచయితల చేతికి పోయాయి. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'ను ఇప్పటికీ ముద్దుగా తలుచుకునేవాళ్లున్నారు. చదరంగం ఆటగాడు రేవంత్. ఆమె ఫోన్లో ఒక గొంతు. తెలివైన పిల్లే, కాదనను. కానీ ఆమె పొడుపు కథ, విప్పేవాడు అతను. చివరికి చచ్చిపోతుంది కూడా. జయంతికున్న జీతం బెంగ ఈమె దరిదాపుల్లో లేదు. తర్వాత టీవీ సీరియళ్లొచ్చాయి, వారపత్రికలు ఒక్కొక్కటే చిక్కిపోయాయి.

2014లో మా మిల్లు మూతపడింది. 2018లో తెరుచుకునే లోపల, 2016లో చౌక డేటా వచ్చి కథలు ఫోన్లోకి దూరాయి. ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఇప్పుడు రాసేవాళ్లలో, చదివేవాళ్లలో ఎందరో ఆడవాళ్లు. దానికి నేను సంతోషించాలి కదా! మా చిన్నమ్మ బిడ్డ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె చూపించిన కథలు నెలల తరబడి చదివాను. చాలావాటిలో నాయకుడు సీఈఓ. నాయిక తండ్రి అప్పు పడ్డాడు, కాబట్టి కాంట్రాక్ట్ పెళ్లి, లేకపోతే ఎత్తుకెళ్లి కట్టిన తాళి. అతను చెయ్యి చేసుకుంటాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, ఆమె వద్దన్నా దగ్గరికొస్తాడు. తర్వాత అతని చిన్ననాటి దుఃఖం తెలిసి ఆమె కరిగిపోతుంది. ఉద్యోగం రెండు భాగాల్లో ముగిసిపోతుంది. జయంతి గడప దాటింది. ఈమెను గడప లోపలికి ఎత్తుకొచ్చి పడేస్తున్నారు.

కథే కదా అంటారు. పద్దెనిమిదేళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే అత్యాచారం కాదని 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అంటోంది. చట్టం పక్కన పెట్టి చూస్తే ఆ కథ అంత ఊహేమీ కాదు.

ఈ కథల్ని ఆపేయమని నేననను. ఆడవాళ్ల చదువును ఆపమన్నవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. మనం ఎందుకు చదవడం లేదన్నదే నా పోట్లాట. యాభై ఏళ్ల కింద నవ్వి వదిలేశాం, ఇప్పుడు నవ్వడానికి కూడా చూడడం లేదు. సదస్సుల్లో వీటి మీద పత్రం లేదు, సమీక్షల పేజీల్లో పేరు లేదు. రాత్రి గిన్నెలు కడిగాక కూర్చుని రాసే ఆమెకు 'ఈ చెంపదెబ్బ ఎందుకు పెట్టావు?' అని అడిగే తోటి ఆడమనిషి దొరకలేదు.

మా చెల్లెల్ని నేనడిగాను. 'అక్కా, వాడు కొట్టేది నేను జల్ది జల్ది జరిపేస్త. తర్వాత వాడే వచ్చి కాళ్లు పట్టుకుంటడు సూడు, అది సదువుత. నిజంగ ఎవడన్న పట్టుకుంటడా?' అంది. నా థీసిస్‌లో దీనికి జవాబు లేదు.

మొన్న ఆమె ఇంకో కథ పంపింది. మంచిర్యాల వైపు మనిషెవరో రాసినట్టుంది. నాయిక అచ్చం మా యాసలో మాట్లాడుతుంది, వాడితో పోట్లాడుతుంది, వాణ్ణి ప్రేమిస్తుంది. ఐదు భాగాలు ఒక్క బిగిన చదివాను. ఆరో భాగంలో వాడు ఆమెను గదిలోకి నెట్టి బయట గొళ్లెం పెట్టాడు. ఏడోది రేపొస్తుందట.