అంతా ఆ జబ్బే అనుకోకండి

పోయిన నెల మన బళేపేట వఠారంలో ఒక చెల్లెలు నన్ను ఆపి అడిగింది. "అక్కా, మావాడు ఈమధ్య ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాడు. ఒళ్లు కూడా వచ్చేసింది. వాళ్ల అవ్వేమో డౌన్ సిండ్రోమ్ పిల్లలు అంతేలే అంటుంది. నిజమేనా?"

నిజం కాదమ్మా. ఆ మాట నేనూ నమ్మి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు చురుకు తగ్గింది. చర్మం పొడిబారింది, మలబద్ధకం మొదలైంది. సోమరితనమని కోప్పడ్డాను కూడా. చివరికి రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువని తేలింది. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే. కొన్ని నెలలకే సంచీ పట్టుకుని నాతో మార్కెట్టుకి బయల్దేరింది. దాన్ని తిట్టిన తిట్లు మాత్రం నా మనసులోంచి పోలేదు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో 46 క్రోమోజోములుంటాయి. ఈ పిల్లల్లో చాలామందికి 21వది ఒకటి ఎక్కువ, మొత్తం 47. 1959లో ఫ్రాన్సు డాక్టరు లెజూన్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. అందుకే మూడో నెల 21న, అంటే మార్చి 21న, ప్రపంచమంతా డౌన్ సిండ్రోమ్ దినం జరుపుకుంటారు. ఇది గ్రహణం వల్ల రాదు, మేనరికం వల్ల రాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది గానీ, చిన్న వయసు తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. కోడలిని అనడానికి ఇందులో ఏమీ లేదు.

క్రోమోజోమును మార్చలేం. దానితోపాటు వచ్చే చాలా తిప్పలకు మాత్రం వైద్యం ఉంది.

గుండె: దాదాపు సగం మందికి పుట్టుకతోనే లోపం ఉంటుంది. బిడ్డ బాగానే కనిపించినా ఎకో పరీక్ష చేయించాల్సిందే. కొన్ని లోపాలకు మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ కావాలి, ఆలస్యమైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మనకు నడిచి పోయేంత దూరంలో వాణీ విలాస్ ఆసుపత్రి ఉంది. గుండెకు జయదేవ ఉంది. వైట్‌ఫీల్డు సత్యసాయి ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితం.

థైరాయిడ్: పుట్టినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి పరీక్ష చేయించాలి.

చెవి, కన్ను: పిలిస్తే పలకకపోతే మొండితనం అనుకోకండి, వినపడక కావచ్చు.

మెడ: నడక తడబడినా, చేతుల్లో బలం తగ్గినా, కొత్తగా పక్క తడుపుతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. మెడ ఎముకలు వదులై నరం నొక్కుకుంటూ ఉండొచ్చు.

ఇక కాగితాల సంగతి. ముందు వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు వస్తుంది. చేరేటప్పుడు వైద్యపరీక్ష అడగరు.

మన మిల్లు ఇళ్లలో చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, పిల్లలు పెద్దవాళ్లయితే ఈఎస్ఐ ఆగిపోతుందని మనం అనుకుంటాం. వైకల్యంతో పూర్తిగా మీ సంపాదన మీదే ఆధారపడిన బిడ్డకు వయసు అడ్డు కాదు. మీకు ఈఎస్ఐ ఉన్నన్నాళ్లూ ఆ బిడ్డకూ ఉంటుంది. రెండు, 1995 పీఎఫ్ పింఛను పథకంలో ఉన్న కార్మికుడు పోతే, శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకు ఏ వయసులోనైనా పింఛను వస్తుంది. మిల్లు మూతపడి పింఛను మీద బతుకుతున్న పెద్దవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోండి. మీ పీఎఫ్ కాగితాల్లో ఆ బిడ్డ పేరు ఉందా లేదా ఈ వారమే చూసుకోండి. "మేం పోయాక వీడి గతేంటి?" అని రాత్రిళ్లు నిద్రపట్టని వాళ్లకు ఇది కొంతైనా జవాబు.

ఆ చెల్లెలు రేపు సోమవారం పిల్లవాణ్ణి రక్తపరీక్షకు తీసుకుపోతోంది. నేనూ వెంట పోతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే, తలుపు మూసుకుని కూర్చోకండి. మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం.